నేను పుట్టకముందే పోయిన మా అమ్మ

2025 జులై 8

ఈ రోజు మళ్ళీ చచ్చిపోయాను.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఆ తెల్ల బంగళాలోనే. ఇదివరకు అక్కడ మెట్ల మీద ఒకసారి, పూజగదిలో ఒకసారి పోయాను. ఈసారి దర్శకుడికి తీరిక లేక చావు చూపించడం లేదు. ఏకంగా గోడ మీద ఫొటో, ఫొటోకి దండ. పొద్దున ఫొటో దిగాను, మధ్యాహ్నం గుత్తివంకాయ కూరతో భోంచేశాను, సాయంత్రం నా తద్దినం సీను నేనే కుర్చీ వేసుకుని చూశాను. ఇలాంటి వేషాలు నెలకు నాలుగొస్తే నడుం నొప్పి దానంతటదే పోతుంది.

ఫొటో కింద బంగారు రంగు అక్షరాలతో జననం, మరణం రాశారు ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్ళు. జననం 15-8-1957. ఈ తేదీ ఎక్కడిదయ్యా అంటే, "మీ యూనియన్ కార్డులో ఉన్నదే వేశామండీ, సహజంగా ఉంటుందని" అన్నారు. మంచిదే. ఆగస్టు పదిహేను అంటే ఎవరూ మరిచిపోరు. అందుకే పెట్టింది. పెట్టింది అంటే, దేవుడు పెట్టింది.

సీనులో నా కొడుకు నాకు తద్దినం పెట్టాలి. పురోహితుడి వేషం వేసినాయన తిథి అడిగితే హీరో "కార్తీక బహుళ తదియ" అనాలి. పాపం, ఆ అబ్బాయిది ఇంగ్లీషు మీడియం. బహుళ దగ్గర ఒకసారి, తదియ దగ్గర ఒకసారి నాలుక మడతపడి, పొద్దుగూకే దాకా నాకు తిథి కుదరలేదు. యూనిట్ అంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఉన్నట్టుండి నా నవ్వు మధ్యలో ఆగిపోయింది.

అబద్ధంగా చచ్చిన నాకు తిథి ఉంది. నిజంగా పోయిన మా అమ్మకు లేదు.

జులై 9

నిన్న రాయబోయి ఆపేశాను. రాస్తేనే గానీ ఇది గొంతు దిగేలా లేదు.

మా అమ్మ పేరు పైడితల్లి. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో పోయింది. నాన్న అక్కడ కొబ్బరి తోటల్లో పనిచేసే మన తెలుగువాళ్ళ పిల్లలకు బడిపంతులు. అమ్మకు జ్వరం వచ్చింది, పోయింది. నాన్న నన్ను చంకనేసుకుని ఓడెక్కి, మద్రాసులో దిగి అనకాపల్లి చేరాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది అది, 1953. అప్పటికి నాకు నాలుగేళ్ళని మేనత్త చెప్పేది. నాన్న అమ్మ గురించి నోరు విప్పేవాడు కాదు. నా పదో ఏట ఆయనా పోయాడు. నన్ను పెంచిన అత్తయ్యకు తోట పేరు తెలుసు, జ్వరం సంగతి తెలుసు, తేదీ మాత్రం తెలియదు.

తిథి తెలియని వాళ్ళందరికీ మహాలయ అమావాస్య ఉంది. ఏటా ఆ రోజు ఫిల్మ్ నగర్ దైవసన్నిధానం గుడిలో స్వయంపాకం ఇచ్చి, ఒక పెద్ద ముత్తైదువకు చీర పెడతాను. దిక్కూ తిథీ తెలియని వాళ్ళందరితో పాటు మా అమ్మ కూడా ఏటా జనరల్ బోగీలో వచ్చి వెళ్తుంది. ఆవిడకంటూ ఒక సీటు రాయించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

అమ్మ మొహం గుర్తులేదు. గుర్తున్నది ఒకటే. ఎవరివో రెండు మోకాళ్ళ మధ్య కూర్చుని ఉంటాను. తల దువ్వుతూ ఉంటారు. కదిలితే దువ్వెనతో నెత్తి మీద చిన్న దెబ్బ పడుతుంది.

జులై 10

ఇదంతా స్ఫూర్తికి చెప్పాను. రెండేళ్ళుగా నా హెయిర్ డ్రెస్సర్. రహమత్ నగర్ పిల్ల, ఇరవై మూడేళ్ళు, పెళ్ళై కొంగున ఒక బుడ్డోడు కూడా ఉన్నాడు. దువ్వెన కన్నా నోరు వేగం. విగ్గు పిన్నులు పళ్ళ మధ్య పట్టుకునే మాట్లాడుతుంది.

"గిదానికి ఫికర్ ఎందుకమ్మా? ఏ దేశంల పోయినా సర్కారోళ్ళ కాడ రాసి ఉంటది. మా తాతది భూమి కాయితాల కోసం ఎన్నేండ్ల కిందటిదో డెత్ సర్టిఫికెట్ తీయించినం. మలేషియోళ్ళు మనకంటే పద్ధతిగుంటరు."

"డెబ్భై ఏళ్ళు దాటిపోయిందే!"

"అయితేంది? కాయితం ముసల్దైతది గానీ సావదు. జర కదలకుండ్రి."

దువ్వెనతో నెత్తి మీద తట్టింది. ఈ పిల్లకు ఆ అలవాటుంది. స్టార్ హీరోల తల్లినని కూడా చూడదు.

జులై 14

అర్జీ పంపాం. స్ఫూర్తి ఫోనులోనే అంతా నింపింది. చనిపోయినవారి పేరు, తోట పేరు, జిల్లా, సంవత్సరం 1953. నేను కూతురినని రుజువు కావాలట. నా పుట్టుక కూడా ఆ దేశం రిజిస్టరులోనే ఉండాలి కాబట్టి రెండూ కలిపి వెతకమని రాశాం. నా వివరాలు ఆధార్, పాస్‌పోర్టు చూసి అదే నింపేసింది. నేను మేకప్‌లో ఉన్నాను. చూసే తీరిక ఎక్కడిది?

ఆగస్టు 15

సెట్లో కేకు కోయించారు. అరవై ఎనిమిది నిండాయి. జెండా వందనం మిఠాయి, నా పుట్టినరోజు మిఠాయి ప్రొడక్షన్ వాళ్ళు ఒకే ఖర్చులో కానిచ్చేశారు.

ఆగస్టు 29

మలేషియా నుంచి మెయిలు.

వినాయకుడి పందిట్లో షూటింగు. పాట విరామంలో స్ఫూర్తి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. దాని మొహం చూసి అమ్మ దొరికిందనుకున్నాను.

"అమ్మా, గిదేందమ్మా? మీ అమ్మ పోయిన నాలుగేండ్లకు మీరు పుట్టిన్రా?"

రికార్డుల ఆఫీసులో నూరుల్ అనే ఆవిడ ఎంతో మర్యాదగా రాసింది. మీ అర్జీ ప్రకారం మీ తల్లిగారు 1953లో మరణించారు, మీరు 1957లో జన్మించారు. 1957లో మీ పేరున ఏ జననమూ నమోదు కాలేదు. ఏదో ఒక సంవత్సరం పొరపాటై ఉండవచ్చు, దయచేసి సరిచూసి తెలుపగలరు, మీ తల్లిగారి కోసం మీరు చేస్తున్న ప్రయత్నం సఫలం కావాలని కోరుకుంటున్నాను, అని.

"సినిమాల్లో ఇలాంటివి జరుగుతాయిలే," అన్నాను.

"సినిమాల సచ్చినోళ్ళు మళ్ళొస్తరు. సచ్చినోళ్ళు పిల్లల్ని కనరు." అని, నా మొహం వంక ఒక చూపు చూసి, విగ్గు సర్దింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను అద్దంలో నా మెడ మీద ముడతలు తడుముకున్నాను.

ఆగస్టు 30

మలేషియా వాళ్ళకు లెక్కలు రావు.

సెప్టెంబర్ 3

అసలు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లోనేనా? 1961 అయి ఉండకూడదా?

సెప్టెంబర్ 4

1953లోనే. పక్క ఫ్లాట్ రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని అడిగాను. ఒక ప్రశ్నకు గంట పాఠం చెప్పారు.

సెప్టెంబర్ 21

మహాలయ అమావాస్య. గుడికి వెళ్ళి స్వయంపాకం ఇచ్చాను. చీర ఎప్పటిలాగే బూడిదరంగు నేతచీర, సన్నంచు. పెద్దావిడకు హుందాగా ఉంటుందని ఏటా అదే కొంటాను. తీసుకున్న ముసలావిడ బోసినోటితో దీవించి, "మీ అమ్మగారు ఏ వయసులో పోయారు తల్లీ?" అని అడిగింది.

నాకు తెలియదు. సొంత తల్లి వయసు తెలియదు, సొంత వయసు చెప్పలేను. గుడి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఫిల్మ్ నగర్ ట్రాఫిక్ చూశాను.

సరే. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాస్తూ వచ్చాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా?

నేను పుట్టింది 1949.

రాశాను. పిడుగేమీ పడలేదు. కింద ఎవరో బండి హారన్ కొట్టారంతే.

1975లో నాటకాల నుంచి మద్రాసు వెళ్ళినప్పుడు నాకు ఇరవై ఆరు. ప్రొడక్షన్ మేనేజర్ వెంకటరామయ్యగారు నన్ను పైనుంచి కిందకు చూసి, "పద్దెనిమిది అని రాస్తున్నా. పుట్టినరోజు ఆగస్టు పదిహేను. నువ్వు మరిచిపోయినా దేశం గుర్తుపెట్టుకుంటుంది" అన్నారు. సెకండ్ హీరోయిన్ వేషం ఖాయమన్నారు. ఆ వేషం రాలేదు. నాలుగేళ్ళు తిరక్కుండా నాకంటే పెద్ద హీరోకి తల్లినయ్యాను. వేషం పోయింది, పద్దెనిమిది మిగిలిపోయింది. యూనియన్ కార్డు నుంచి రేషన్ కార్డుకు, అక్కడి నుంచి పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పాకింది. నన్ను చేసుకున్న మహానుభావుడు, ఎడిటరు, ఏ ముక్క ఎక్కడ అతికారో ఇట్టే పట్టేసే మనిషి, ఆయన కూడా పోయే దాకా ఈ అతుకు పట్టలేదు.

మరి ఇప్పుడు చెబితే? నిలబడే వేషాలు పోయి పడుకునే వేషాలు వస్తాయి. మంచం, దుప్పటి, దగ్గు.

చెప్పకపోతే అమ్మ రాదు.

సెప్టెంబర్ 25

స్ఫూర్తికి చెప్పాను. పడిపడి నవ్వుతుందనుకున్నాను. "నాకు ఎరికే గదమ్మా. రోజు మీ నెత్తికి రంగు ఏసేది ఎవరు?" అంది. నూరుల్‌కి ఉన్నదున్నట్టు రాయించాను. సినిమాల కోసం వయసు తగ్గించుకున్నానని రాస్తుంటే చెవులు వేడెక్కాయి.

సాయంత్రానికే జవాబు. అర్థమైంది మేడమ్, మా దగ్గర కూడా సినిమావాళ్ళు ఇంతే, అని మొదలుపెట్టింది. నాకు ఆ ఒక్క ముక్కతో ప్రాణం లేచొచ్చింది. పాస్‌పోర్టుకూ రిజిస్టరుకూ పొంతన కుదరాలి కాబట్టి నోటరీ ముందు ప్రమాణపత్రం ఒకటి పంపాలి. దానితో పాటు నన్ను చిన్నతనం నుంచి ఎరిగిన మనిషి సాక్ష్యం కూడా.

చిన్నతనం నుంచి ఎరిగి, ఇంకా బతికున్నది ఒక్కడే. ఆదినారాయణ.

సెప్టెంబర్ 28

పొద్దున్నే కేబీఆర్ పార్కులో పట్టుకున్నాను. శ్రీనగర్ కాలనీ నుంచి నడకకు అక్కడికే వస్తాడు. టోపీ, నల్లకళ్ళజోడు. ఎవరూ గుర్తుపట్టకూడదని అవి పెట్టుకుంటాడు, గుర్తుపట్టకపోతే తీసేస్తాడు. తెర మీద నాకు ఎన్నిసార్లు మొగుడయ్యాడో ఇద్దరికీ లెక్క లేదు. అనకాపల్లిలో ఒకటో తరగతి నుంచి నా పక్క పలక.

విషయమంతా విన్నాడు. కళ్ళు చెమర్చాయి. "అమ్మ కోసం కదా రాజ్యం, ఎక్కడికైనా వస్తాను, ఏమైనా చెబుతాను," అన్నాడు. రెండడుగులు వేశాడు. టక్కున ఆగిపోయాడు.

"ఆగాగు. నీతో పాటు ఒకటో తరగతి చదివానని రాయాలా?"

"మరి? చదివావు కదా."

"అంటే నాకూ డెబ్భై ఆరని చెప్పాలా?"

"మరి నీకెంతని చెబుతున్నావు?"

చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అరవై ఆరు," అన్నాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. నేను ఎనిమిదే తగ్గించాను, వీడు ఏకంగా పది! అంటే ఇన్నేళ్ళూ నా మొగుడు నాకంటే రెండేళ్ళు చిన్న.

"నా పొట్ట కొట్టకు రాజ్యం. ఇప్పుడిప్పుడే బాబాయి వేషాలు వస్తున్నాయి. డెబ్భై ఆరంటే తాత వేషం, ఆ తర్వాత గోడ మీద ఫొటో వేషం."

"ఫొటో వేషం హాయిగా ఉంటుందిరా. మొన్ననే చేశాను."

నవ్వలేదు. గేటు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 30

ఫోను ఎత్తడం లేదు.

అక్టోబర్ 3

ఎత్తడం లేదు. వెధవ. ఒకటో తరగతిలో కూడా నా బలపం తిని, తినలేదన్నాడు.

అక్టోబర్ 6

తలుపు తీస్తే ఆదినారాయణ. జుట్టుకు రంగు లేదు. తెల్లగా, వెండిలా మెరిసిపోతోంది. ఒక్క క్షణం నేనే గుర్తుపట్టలేదు.

"మా అమ్మ తద్దినం పోయిన వారమే అయింది," అన్నాడు సోఫాలో కూలబడి. "పిండం పెడుతుంటే నువ్వే గుర్తొచ్చావు. తిథి తెలిసి నేను ఇంత దర్జాగా అమ్మను పిలుచుకుంటున్నానే, రాజ్యం మాత్రం బడిలో కూడా ఎవరైనా 'మా అమ్మ' అంటే కిటికీలోంచి బయటకు చూసేది కదా అని. పద, ఎక్కడ సంతకం పెట్టాలి?"

కాఫీ ఇచ్చాను. చక్కెర రెండు చెంచాలు ఎక్కువే వేశాను.

అక్టోబర్ 8

ఈ రోజు నవ్వినంత నేను ఈ పదేళ్ళలో నవ్వలేదు.

యూసుఫ్‌గూడలో నోటరీ. పేరు రవిచంద్ర, ముప్ఫై కూడా ఉండవు. నన్ను చూడగానే లేచి నిలబడి, వాళ్ళమ్మకు నేనంటే ప్రాణమన్నాడు. వాళ్ళమ్మమ్మకు కూడానట. ఆ రెండో ముక్క ఎవరడిగారు?

కాగితాలు చదివాడు. ఆదినారాయణ ఆధార్ చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"సార్, మీ ఆధార్ ప్రకారం మీరు పుట్టింది 1959. మేడమ్ గారితో 1954లో ఒకటో తరగతి చదివానని రాశారు."

ఆదినారాయణ గొంతు సవరించుకున్నాడు. కోర్టు సీనులో జడ్జి వేషం వేసినప్పటి గొంతు అది. "నేను చిన్నప్పటి నుంచీ చదువులో చాలా ముందండీ," అన్నాడు.

ముందు స్ఫూర్తి పేలింది. తర్వాత నేను. రవిచంద్ర పాపం ఆపుకుందామని స్టాంపు ప్యాడు మీదకు వంగి, దాని మీదే తుమ్మినట్టు నవ్వేశాడు. చివరికి ఆదినారాయణ కూడా బెంచీ మీద కడుపు పట్టుకుని కూలబడ్డాడు. బయట జిరాక్సు షాపు వాళ్ళు తొంగిచూశారు.

ఇంతకూ సాక్షి వయసు తేలనిదే సాక్ష్యం చెల్లదు. అందుకని ముందు వాడు తన అసలు వయసు మీద ప్రమాణపత్రం చేయాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి టీసీ ఇంట్లో బీరువా అడుగున దాచుకున్నాడట, తెచ్చాడు. ఇద్దరం పక్కపక్కన నిలబడి, దైవసాక్షిగా మాకు డెబ్భై ఆరేళ్ళని ఒకరి తర్వాత ఒకరం చదివాం. పెళ్ళి ప్రమాణంలా ఉంది.

"ఇగ మీరిద్దరు నిజంగ ఒకటే ఈడు," అంది స్ఫూర్తి. "సినిమాల గిట్ల ఎన్నడన్న కుదిరిందా?"

అక్టోబర్ 21

ఫిల్మ్ నగర్‌లో కాఫీ కప్పులకు కూడా చెవులుంటాయి. విషయం పాకిపోయింది. ఈ రోజు ఒక కొత్త దర్శకుడు ఫోను చేసి, "మేడమ్, మీకు డెబ్భై ఆరటగా! అస్సలు నమ్మలేకపోతున్నానండీ. అరవై కూడా అనిపించరు!" అన్నాడు.

అరవై ఎనిమిదని చెప్పినన్నాళ్ళూ ఒక్కడు కూడా ఆ మాట అనలేదు. అందరూ "అంతేగా" అన్నట్టు తలూపేవాళ్ళు. యాభై ఏళ్ళ తెలివితక్కువతనం! తగ్గించి చెబితే మర్యాద, ఉన్నది చెబితే ఆశ్చర్యం. ఇప్పుడు నేను అడగకపోయినా చెబుతున్నాను. ఇవాళ కూరగాయలవాడికి కూడా చెప్పాను.

నవంబర్ 6

మలేషియా నుంచి ఏమీ లేదు.

నవంబర్ 19

ఏమీ లేదు. పాత రిజిస్టర్లు చేత్తో వెతకాలట. కొంచెం ఓపిక పట్టమంది నూరుల్.

డిసెంబర్ 2

నాకు ఓపికకేం, ఎనిమిదేళ్ళు అదనంగా దొరికాయిగా.

డిసెంబర్ 19

వచ్చింది.

మూడు రోజుల క్రితమే మెయిలు వచ్చినా, కాగితం చేతికి వచ్చే దాకా చూడనని పట్టుబట్టాను. ఈ రోజు కొరియర్ వచ్చింది. స్ఫూర్తి, ఆదినారాయణ ఇద్దరూ వచ్చాకే చింపాను.

ఒకటి నాది. 1949 మార్చి 9. తండ్రి బడిపంతులు. తల్లి పైడితల్లి. నేను ఆవిడ కూతురినని ఒక ప్రభుత్వం ముద్ర వేసి చెబుతోంది. నాకు ఆ ముద్ర ఎంత నచ్చిందో.

రెండోది అమ్మది. 1953 జనవరి 25. జ్వరం. స్ఫూర్తి ఒక్కో గడి మీద వేలు పెట్టి చదువుతూ పోయి, ఒకచోట ఆగింది. "అమ్మా, వయసు," అంది. నేను చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇరవై రెండు.

ఇప్పటిదాకా అమ్మ అనుకుంటే నా కళ్ళ ముందు కనిపించేది నేనే. నెరిసిన విగ్గు, సన్నంచు చీర, కళ్ళజోడు, చేతిలో హారతి పళ్ళెం. అందరికీ అమ్మ వేషం వేసీ వేసీ, మా అమ్మకు కూడా అదే మేకప్ వేసేశాను. ఆవిడేమో పిల్ల. పద్దెనిమిదో ఏట నన్ను కని, నాలుగేళ్ళ నన్ను వదిలి ఇరవై రెండుకు వెళ్ళిపోయిన పిల్ల. కదిలితే దువ్వెనతో కొట్టిందంటే కొట్టదూ మరి! దానికి మాత్రం ఓపిక ఎక్కడుంటుంది?

అలాంటి పిల్లకు ఏటేటా బూడిదరంగు చీరలు పెట్టాను! ఏ లోకంలో ఉందో గానీ, పెట్టె తెరిచిన ప్రతిసారీ నన్ను ఎంత తిట్టుకుందో.

ఏడ్చాను. బాగా ఏడ్చాను. గ్లిజరిన్ లేకుండా ఇంత ఏడుపు వస్తుందని నాకే తెలియదు. స్ఫూర్తి కూడా ఏడ్చింది. ఆదినారాయణ మాత్రం, "మీ అమ్మకు ఇరవై రెండు, నీకు డెబ్భై ఆరు. వయసు తగ్గించుకోవడం మీ ఇంట్లో ఆవిడే నేర్పింది," అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను, నవ్వుతూనే వాడి మీదకు దిండు విసిరాను.

డిసెంబర్ 21

సిద్ధాంతిగారు పాత పంచాంగం తీసి లెక్క కట్టారు. మాఘ శుద్ధ దశమి.

మాఘ శుద్ధ దశమి. మాఘ శుద్ధ దశమి. నాకు ఒక్క టేకులో వచ్చేసింది.

జనవరి 28న వస్తుందట. నూరుల్‌కి రాయించాను. తిథి అంటే ఏమిటని అడిగింది. మా అమ్మ ఇంటికి వచ్చే రోజని రాయమన్నాను.

2026 జనవరి 24

చీర కొన్నాను. షాపులో అమ్మాయి అలవాటుగా లేతరంగులు తీసింది. "నాకు కాదమ్మా, ఇరవై రెండేళ్ళ పిల్లకి," అన్నాను. "మనవరాలికా ఆంటీ?" అంది. అవునన్నాను. మా అమ్మకి అని చెబితే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు.

చిలకపచ్చ పట్టు, మిరపపండు అంచు. షాపు వెలుగంతా దానిదే.

జనవరి 28

అమ్మ వచ్చింది.

పుణ్యస్త్రీగా పోయిన మనిషి కాబట్టి ముత్తైదువకు భోజనం పెట్టి, చీర పెట్టాలన్నారు సిద్ధాంతిగారు. ఎవరిని పిలవాలో నేను ఆలోచించనే లేదు, స్ఫూర్తినే పిలిచాను. అదే ముందు తటపటాయించింది. "నేనా అమ్మా? గింత పెద్దోళ్ళ పేరు మీద నేను కూసుంటే బాగుంటదా?" అంది. పెద్దావిడ కాదే, నీకంటే ఏడాది చిన్న అన్నాను. వాళ్ళత్తను అడిగి వస్తానని వెళ్ళింది. మంచి పనే చెయ్యమని వాళ్ళత్త రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు వేయించి మరీ పంపింది.

తలంటుకుని వచ్చి, చిలకపచ్చ చీర కట్టుకుని హాల్లోకి అడుగుపెట్టింది. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంత లేతగా ఉంటారా ఇరవై రెండేళ్ళంటే? రోజూ చూసే పిల్లే. రోజూ నా వెనక నిలబడుతుంది కదా, ఎదురుగా ఎప్పుడు చూశాను?

అరిటాకు వేసి గారెలు, పరమాన్నం, అరటికాయ వేపుడు, మామిడికాయ పప్పు వడ్డించాను. మొహమాటపడుతుందేమోనని భయపడ్డాను. గారెలు మూడుసార్లు వేయించుకుంది. అడిగి తినే మనిషిని చూస్తే ఎంత తృప్తో! మా అమ్మకు గారెలు ఇష్టమో కాదో నాకు తెలియదు. ఈ రోజు నుంచి ఇష్టం.

ఆదినారాయణ పెద్దరికంగా కుర్చీలో కూర్చున్నాడు. వెండి జుట్టు, పట్టుపంచె. ఆ జుట్టు చూసే ఒక పెద్ద సినిమాలో పీఠాధిపతి వేషం ఇచ్చారట, ఇక రంగు ముట్టనంటున్నాడు. పసుపు, కుంకుమ, తాంబూలం ఇచ్చాక, "ఇప్పుడు ఆ పిల్ల స్ఫూర్తి కాదు రాజ్యం. కాళ్ళకు దణ్ణం పెట్టుకో," అన్నాడు.

వంగాను. స్ఫూర్తి అదిరిపడి కాళ్ళు వెనక్కి తీసుకుంది. "అయ్యో అమ్మా, మీరు నాకు మొక్కుడేంది!"

"కదలకు," అన్నాను.

కదలలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పాదాలు పట్టుకున్నాను. పసుపు రాసిన చిన్న పాదాలు. నా నడుం నొప్పి గుర్తే రాలేదు. తెర మీద ఎన్ని వందల మంది నా కాళ్ళకు మొక్కారో, ఎన్ని వందలసార్లు నిండు నూరేళ్ళని దీవించానో. నేను వంగడం ఇదే మొదలు.

పైన ఆ పిల్ల గాజులు గలగలమని చప్పుడైంది. నా నెత్తి మీద, రోజూ దువ్వెనతో తట్టే చోటే, చెయ్యి పెట్టింది.

"సల్లంగుండు బిడ్డా," అంది.

యాభై ఏళ్ళు తంటాలు పడి నేను ఎనిమిదేళ్ళు తగ్గించుకున్నాను. ఆ పిల్ల ఒక్క మాటతో డెబ్భై ఆరులో డెబ్భై రెండేళ్ళు తగ్గించేసింది.